అశక్తుని భృతిపై చదువు బాకీ



నేటి ప్రసంగమునకు విషయము అమెరికా సంయుక్త రాష్ట్రముల చట్టచరిత్రలోని ఒక చిన్న అధ్యాయము. చదువుకొనుటకై ప్రభుత్వమునుండియో, ప్రభుత్వము పూచీపడిన బ్యాంకునుండియో అప్పు తెచ్చుకొన్న మనుష్యుడొకడు కొన్నాళ్లకు రోగముచేతనో ప్రమాదముచేతనో కష్టించి సంపాదింపలేని స్థితికి వచ్చెననుకొనుడు. అట్టివానికి ఆ దేశమున ప్రభుత్వమే నెలనెల అశక్తతాభృతి నిచ్చును. ఆ భృతిలోనుండి పాత చదువు బాకీక్రింద కొంతభాగమును ఆ ప్రభుత్వమే మినహాయించుకొనుట ఎట్లు సంభవించెను? ఇదియే ప్రశ్న.

రచ్చబండమీద కూర్చుండు పెద్దలకు ఇది దూరపు సంగతివలె తోచవచ్చును. కాని మన తెలుగు కుటుంబములు అనేకము ఇప్పుడు ఆ దేశపు పౌరులై యున్నవి. అచ్చట పుట్టిన మనుమలు కాలేజీలో చేరునప్పుడు ఈ ఋణపత్రములమీదనే వ్రాలు చేయుచున్నారు. కొన్ని సందర్భములలో వారి తల్లిదండ్రులును చేయుచున్నారు. ఇచ్చటినుండి చదువునకై వెళ్లు విద్యార్థులకు మాత్రము ఆ దేశపు ప్రభుత్వఋణము లభింపదు. వారు మన బ్యాంకులలో తెచ్చుకొను అప్పులకును ఈ కథకును సంబంధము లేదు. ఈ భేదమును ముందే మనసున నుంచుకొనవలెను.

అప్పులవానికి బ్రతుకుటకు కొంత విడిచి, తక్కినది పట్టుకొనుట నాగరక దేశముల ధర్మము. మన సివిల్ ప్రొసీజరు కోడు 1908 నాటిది. దాని 60వ సెక్షను ప్రకారము సేద్యగానికి జీవనాధారమగు నాగలి, ఎడ్లు, విత్తనపు గింజలు, పనివాని పనిముట్లు, ప్రభుత్వపింఛను జప్తునకు రావు. షావుకారు డిక్రీ పొంది అమీనాను వెంటబెట్టుకొని వచ్చినను వానిని ముట్టుటకు వీలులేదు. అమెరికావారును ఇట్టి రక్షణమునే కల్పించుకొనిరి. 1935 ఆగస్టు 14వ తేదీన ప్రెసిడెంటు రూజ్వెల్టు సోషల్ సెక్యూరిటీ చట్టముపై సంతకము చేసెను. పనిచేయువాని కూలిలోనుండి కొంత, పనియిచ్చువానినుండి కొంత వసూలుచేసి, వార్ధక్యమున వానికి నెలసరి భృతి నిచ్చుట దాని యుద్దేశము. ఆ చట్టపు 207వ విభాగము ఏమనుచున్నదనగా, ఈ భృతి ఏ ఋణదాతకును జప్తు కాదు, ఏ డిక్రీకిని లోబడదు అని. తరువాత భార్యాబిడ్డల పోషణము, ప్రభుత్వపు పన్నులు మున్నగు కొన్నిటికి సందులు ఏర్పడినవి గాని మూలసూత్రము అది.

పనిచేయలేనివారికి భృతి 1935లో లేదు. దానికై ఇరువదియొక్క సంవత్సరములు వాదము జరిగెను. అశక్తుడెవడో, సోమరియెవడో తేల్చుట యెట్లని ఒక పక్షము వారనిరి. వైద్యుల సంఘము ప్రతిఘటించెను. తుదకు 1956లో సెనేటుసభలో 47 మంది అనుకూలముగను 45 మంది ప్రతికూలముగను వోటు వేయగా, రెండే రెండు వోట్ల ఆధిక్యముతో ఆ సవరణ నెగ్గెను. ఐసెన్‌హోవరు ఆగస్టు 1వ తేదీన సంతకము చేసెను. మొదట ఏబది యేండ్లు నిండినవారికే ఆ భృతి. 1960లో ఆ నిబంధనను తీసివేసిరి. పనిచేసిన కాలమున తన కూలినుండి కట్టిన సొమ్ముచేతనే హక్కు సంపాదించుకొన్నవాడు పొందు భృతి ఇది. దీనిని భిక్షయనుట తగదు. ఏమియు కట్టలేకపోయిన నిరుపేదలగు వృద్ధులకును అశక్తులకును వేరుగ ఒక సహాయము 1972లో శాసింపబడి 1974 జనవరినుండి అమలుజరిగెను. ఆ రెండవ సహాయమును చదువు బాకీక్రింద పట్టుకొనుట లేదు. మన కథ మొదటిదానిని గూర్చినది.

ఇక ఋణమువైపు చూతము. 1957లో రష్యావారు స్పుత్నికును ఆకాశమునకు పంపిరి. అమెరికావారికి తాము చదువులో వెనుకబడితిమేమో యను భయము పుట్టెను. 1958లో జాతీయ రక్షణ విద్యాచట్టము వచ్చెను. ప్రభుత్వపుసొమ్ము విద్యార్థులకు అప్పుగా దొరకుటకు అది ఆరంభము. అంతకన్న పెద్దది 1965 నాటి ఉన్నతవిద్యాచట్టము. ప్రెసిడెంటు జాన్సను ఆ సంవత్సరము నవంబరు 8వ తేదీన తాను చదువుకొన్న శాన్ మార్కోసు కాలేజీకే పోయి, అచ్చటనే సంతకము చేసెను. ఆయన 1928లో టెక్సాసునందలి కొటుల్లా యను గ్రామమున మెక్సికను కూలివాండ్ర బిడ్డలకు చదువు చెప్పినవాడు. బడిపంతులుగా ప్రారంభించినవాడు దేశాధిపతియై చదువునకై చట్టము చేయుట నావంటివానికి వినసొంపైన విషయమే. బీదవాని బిడ్డను ధనము లేదని కాలేజీ గుమ్మముకడ నిలిపివేయరాదని ఆయన సంకల్పము. బ్యాంకు అప్పిచ్చును, ప్రభుత్వము పూచీపడును. ఆ చట్టములో 437 అను విభాగమొకటి కలదు. అప్పుతీసికొన్నవాడు మరణించినను, పూర్తిగా, శాశ్వతముగా అశక్తుడైనను ఋణము కొట్టివేయవలెనని దాని తాత్పర్యము. ఈ విభాగమును శ్రోతలు గుర్తుంచుకొనవలెను. మరల దానికడకే వచ్చెదము.

డెబ్బదులలో అప్పు ఎగవేయు విద్యార్థులను గూర్చి పత్రికలలో గోల బయలుదేరెను. అది ఎంత నిజమో ఎంత అతిశయోక్తియో చర్చింపను. ఫలితము మాత్రము ఒకదానివెంట ఒకటిగా వచ్చిన కఠినశాసనములు. మన పల్లెలలో ఐ.పి. పెట్టుట యందురు గదా, ఆ దివాలామార్గమున చదువు బాకీని మొదటి అయిదేండ్లలో తీర్చుకొనుటకు వీలులేదని 1976లో చేసిరి. 1990లో అయిదు ఏడైనది. 1998లో గడువే తీసివేయబడెను. దుర్భరకష్టమును న్యాయస్థానమునకు నిరూపించిననే తప్ప ఎన్ని యేండ్లకును విముక్తి లేదు.

కాలదోషము మాట వేరు. మన ప్రామిసరీ నోటుకు మూడేండ్లు గడువని పిల్లవానికిని తెలియును. అమెరికాలో 1982 నాటి ఋణవసూలు చట్టము, ప్రభుత్వము తాను చెల్లింపవలసిన సొమ్మునుండి బాకీ మినహాయించి జమకట్టుకొనుటకు పదేండ్ల గడువు పెట్టెను. విచిత్రమేమనగా కౌటిల్యుని అర్థశాస్త్రమున ఋణాదానమను ప్రకరణములోను పదేండ్లు ఉపేక్షించిన ఋణము రాదని యున్నది. కొన్ని మినహాయింపులును ఉన్నవి. రెండువేల యేండ్ల యెడమున రెండు దేశములవారు ఒకే సంఖ్యకు వచ్చిరి. కాని అమెరికావారు ఆ సంఖ్యపై నిలువలేదు. 1991లో విద్యాఋణములకు కాలదోషమే లేకుండ చేసిరి. మనుష్యుడు బ్రతికియున్నంతకాలము బాకీయు బ్రతికియుండును.

ఆ పిమ్మట 1996 ఏప్రిలు 26. ప్రభుత్వ వ్యయములకు సంబంధించిన ఒక మహాగ్రంథమువంటి బిల్లులో భాగముగా ఋణవసూలు సంస్కరణచట్టము వచ్చెను. ప్రెసిడెంటు క్లింటను సంతకము చేసెను. 1935 నాటి 207వ విభాగమును పేరుపెట్టి చెప్పి, అది యున్నను సరే, ప్రభుత్వమునకు రావలసిన బాకీలకు సోషల్ సెక్యూరిటీ భృతినుండి మినహాయించుకొనవచ్చునని అందు వ్రాసిరి. ప్రైవేటు షావుకారునకు ఆ భృతివైపు చూచుటకును వీలులేదు. చూడగల షావుకారు సర్కారే. కంచె నాటినవాడే కంచెలో త్రోవ తీసికొనెను. అరువదియొక్క సంవత్సరముల రక్షణము అట్లు మారెను. సామాన్యజనులలో ఎందరికి ఆనాడు ఆ సంగతి తెలిసియుండును?

మినహాయింపు పద్ధతిని కొంచెము లెక్కతో చెప్పెదను. సంవత్సరమునకు 9,000 డాలర్లు, అనగా నెలకు 750 డాలర్లు ముట్టరానివి. ఆపైన రెండు కొలతలు. మొత్తము భృతిలో నూటికి 15 వంతులు ఒకటి; 750 డాలర్లకు మించిన భాగమంతయు రెండవది. ఈ రెంటిలో ఏది తక్కువయో దానిని తీసికొందురు. నెలకు 1,000 డాలర్ల భృతి గలవానికి మొదటి కొలతచే 150, రెండవదానిచే 250. కనుక 150 పోయి 850 చేతికి వచ్చును. 850 డాలర్ల భృతి గలవానికి మొదటిది నూట యిరువదియేడున్నర, రెండవది నూరు. కనుక నూరు పోయి 750 మిగులును. 750 గాని అంతకు తక్కువ గాని వచ్చువానికి కోత లేదు.

చూచుటకు దయగల పద్ధతివలెనే యున్నది. దోషము ఆ 750 అను అంకెలో కలదు. ఆ నిబంధనలు ఏర్పడిన 1998లో ఒంటరి మనుష్యునకు ప్రభుత్వము నిర్ణయించిన దారిద్ర్యరేఖ సంవత్సరమునకు 8,050 డాలర్లు. 9,000 దానికి పైననే యుండెను. 2016 నాటికి ఆ రేఖ 11,880 డాలర్లకు పెరిగెను. 9,000 మాత్రము పెరుగలేదు. బియ్యపు ధరయు ఇంటి అద్దెయు పెరుగుచుండగా అన్నపు గిన్నె కొలత నిలిచిపోయినట్లు. ఏ దుర్మార్గుడును కూర్చుండి చేసిన పని కాదు ఇది. ఎవరును మరల తెరచి చూడని కాగితము చేసిన పని.

ఈ కోతను ప్రశ్నించినవాడొకడు సుప్రీంకోర్టువరకు పోయెను. లాక్‌హార్ట్ కేసని దానికి పేరు. 1984 మొదలు 1989 వరకు అతడు తెచ్చుకొన్న విద్యాఋణములు తీరలేదు. 2002లో ప్రభుత్వము అతని సోషల్ సెక్యూరిటీ సొమ్మునుండి మినహాయించుట ప్రారంభించెను. అతని బాకీలలో కొన్ని పదేండ్లు దాటినవి. అతని పక్షమువారి వాదము ఇట్లుండెను: కాలదోషమును తీసివేసిన చట్టము 1991 నాటిది. ఆనాడు ఈ భృతిని ఎవరును ముట్టజాలరు. కనుక ఆ చట్టము చేసినవారి మనస్సులో అశక్తుని భృతిగాని వృద్ధుని భృతిగాని లేనేలేదు. భృతిని ముట్టవచ్చునన్నది 1996 నాటి చట్టము. పదేండ్ల గడువును అది కదల్పలేదు. రెంటిని కలిపి పుట్టించిన ఫలితము ఏ శాసనకర్త యుద్దేశించినదియు కాదు.

పూర్వమీమాంస చదివినవారికి ఇది పరిచితమైన వివాదము. వాక్యమునకు శబ్దము చెప్పు అర్థము ప్రధానమా, చెప్పినవాని వివక్ష ప్రధానమా? 2005 డిసెంబరు 7వ తేదీన తొమ్మండుగురు న్యాయమూర్తులును ఏకముగ ప్రభుత్వపక్షమునే నిలిచిరి. తీర్పు వ్రాసినవారు శాండ్రా డే ఓకానరు. 1991 చట్టపు మాటలు స్పష్టముగ నున్నవి, అన్ని ఫలితములను ఆ సభ ముందుగా ఊహింపలేదన్నంతమాత్రమున ఆ మాటలను పాటింపకుండుటకు వీలులేదని ఆమె తీర్పు. న్యాయముగ చూచిన తప్పుపట్టుటకు వీలులేని తీర్పు. శబ్దము గెలిచెను. కాని శబ్దము తేల్చిన తరువాత అనర్థము కలుగుచున్న యెడల శాస్త్రకర్తనే మరల అడుగవలెను. ఇచ్చట శాస్త్రకర్త కాంగ్రెసు. కాంగ్రెసు మాట్లాడలేదు.

ఎంతమందికి ఈ బాధ? దానికి లెక్క తీసినవారు ఆ దేశపు ప్రభుత్వ గణనాధికార కార్యాలయము వారు. వారి నివేదిక 2016 డిసెంబరులో వెలువడెను. 2015 ఆర్థికసంవత్సరమున ఏబది యేండ్లు దాటినవారిలో రమారమి 1,14,000 మందికి ఈ కోత జరిగెను. వారిలో సగముకన్న ఎక్కువమంది వృద్ధాప్యభృతి కాక అశక్తతాభృతి పొందువారు. సామాన్యముగ నెలకు 140 డాలర్లకు కొంచెము పైగా పోవుచుండెను. ప్రభుత్వమునకు ఆ సంవత్సరమున భృతుల కోతవలన వచ్చినది సుమారు 17 కోట్ల 10 లక్షల డాలర్లు. చెడిన విద్యాఋణములపై అన్ని మార్గములను వసూలైన 450 కోట్ల డాలర్లలో అది పదవవంతైనను కాదు. అంతకన్న నన్ను నిలిపివేసిన మాట ఇంకొకటి: పదునైదు సంవత్సరములుగా ఇట్లు కోసిన సొమ్ములో పదింట ఏడువంతులు వడ్డీకిని రుసుములకును పోయినవి. తక్కినదే అసలుకు చేరినది. కోత పడినవారిలో కొందరు చచ్చువరకు కట్టినను అప్పు తీరదు. 

వడ్డీవిషయమున అర్థశాస్త్రపు ఆ ప్రకరణములోనే ఒక సూత్రము కలదు. దీర్ఘసత్రయాగమున నున్నవాడు, వ్యాధిగ్రస్తుడు, గురుకులమున నిలిచియున్నవాడు, బాలుడు, నిస్సారుడు, వీరిమీద ఋణము పెరుగరాదని దాని భావము. చదువుకొనువాడు, రోగి, ఇద్దరును ఒకే వాక్యములో పక్కపక్కన నున్నారు. మైసూరు గ్రంథాలయములో దొరికిన ఆ పుస్తకమును శామశాస్త్రిగారు 1909లో అచ్చువేయించిరి. ఆనాటి రాజ్యములలో ఆ సూత్రము ఎంతవరకు నడచెనో అది వేరు ప్రశ్న. గ్రంథములో నున్నదంతయు గ్రామములో నుండెనని నేను వాదింపను. వడ్డీ అసలును మించి పోరాదను మనుధర్మమును మన రాజ్యములు అన్నివేళల పాటింపలేదు గదా. 1938లో మద్రాసు ప్రభుత్వము రైతుల ఋణవిమోచనచట్టము చేసి, అసలుకు రెట్టింపు చెల్లించియున్న అప్పు తీరినదనవలెనని చెప్పవలసివచ్చెను. ఆ చట్టమువలన ఒడ్డెక్కిన కుటుంబముల వారసులు ఈ ప్రసంగము వినువారిలోను ఉందురు.

ఇప్పుడు 437వ విభాగమును గూర్చి. పూర్తిగా అశక్తుడైనవాని అప్పు కొట్టివేయవలెనని చట్టమే చెప్పుచుండగా, 1,14,000 మందిలో సగమునకు పైగా అశక్తులేయైనను కోతలెట్లు జరిగినవి? దీనికి సమాధానము మూడు గదుల కథ. అశక్తుడెవడో సోషల్ సెక్యూరిటీ కార్యాలయమునకు తెలియును. అప్పు ఎవడు పడియున్నాడో విద్యాశాఖకు తెలియును. కోయునది ఖజానా. మూడు గదులును ఒకే ప్రభుత్వపు భవనములో నున్నను, ఒక గదిలోని దస్త్రము రెండవ గదికి పోదు. మాఫీ కావలెనన్నచో అశక్తుడే దరఖాస్తు చేసికొనవలెను. డాక్టరు సంతకము తేవలెను. చూపు పోయినవాడు, మతి చెదరినవాడు, మంచమునుండి లేవలేనివాడు కూడ అంతే. మాఫీ వచ్చిన తరువాతను మూడేండ్లు ఏటేట తన ఆదాయమును గూర్చి కాగితము పంపవలసియుండెను. పంపనివాని అప్పు మరల తలమీద కూర్చుండును. అట్లు మరల మోపబడిన అప్పులను ఆ గణనాధికారులు పరీక్షింపగా, నూటికి 98 కాగితము రాకపోవుటచేత మోపబడినవే యని తేలెను. సంపాదన పెరిగెనని మోపబడినవి అత్యల్పము.

ఇంకొక చిక్కును ఉండెను. భృతి కార్యాలయపు దృష్టిలో అశక్తుడైనంతమాత్రమున ఋణమాఫీ చట్టమునకును అశక్తుడగుననుట లేదు. భృతి నిచ్చినవారి పరిస్థితిని ఆ కార్యాలయము కొందరికి మూడేండ్లకును, బాగుపడు ఆశ లేనివారికి అయిదు మొదలు ఏడేండ్లకును మరల విచారించును. 2013 నుండి ఈ రెండవ తెగవారు డాక్టరు సంతకమునకు బదులు భృతి మంజూరు ఉత్తరువును చూపినచో చాలునని చేసిరి. 2016 ఏప్రిలు నాటికి తొలిసారిగా రెండు గదుల దస్త్రములను సరిపోల్చి చూచిరి. మాఫీకి అర్హులై యుండియు తెలియక యున్నవారు 3,87,000 మంది దొరకిరి. వారి బాకీ 770 కోట్ల డాలర్లు. అందు 1,79,000 మంది అప్పటికే బాకీ చెడినవారు. వారందరకు ఉత్తరములు వ్రాసిరి. ఉత్తరము అందుకొన్నవాడు సంతకముచేసి తిరిగి పంపవలెను. ఎందరు పంపలేదో ఊహింపవచ్చును.

సైన్యములో పనిచేసి అశక్తులైనవారికి 2019లో దరఖాస్తు లేకుండనే మాఫీ చేయవలెనని ప్రెసిడెంటు ఉత్తరువు వెలువడెను. ఇతరులకు అది 2021 ఆగస్టులో జరిగెను. దస్త్రములను సరిపోల్చి, అడుగకుండనే, 3,23,000 మంది అశక్తుల 580 కోట్ల డాలర్ల అప్పును కొట్టివేయుదుమని విద్యాశాఖ ప్రకటించెను. ఏటేట ఆదాయపు కాగితము అడుగు పద్ధతిని ఆ సంవత్సరమే నిలిపివేసి, 2023 జూలై 1 నుండి నిబంధనలలోనే తీసివేసిరి. అయిదేండ్లక్రింద చేతనుండిన జాబితాతోనే ఈ పని ఆనాడే చేసియుండవచ్చునని నా యభిప్రాయము. మాఫీయైన అప్పు కొత్త ఆదాయమని లెక్కించి దానిపై పన్ను అడుగుటయు పూర్వముండెను. ఒక బాకీ తీరగానే వేరొక సర్కారు బాకీ పుట్టుచుండెను. 2018 మొదలు కేంద్రపు పన్ను అశక్తుల మాఫీకి తొలగెను. 2025లో ఆ తొలగింపును శాశ్వతము చేసిరి.

2020 మార్చిలో మహమ్మారి వచ్చినప్పుడు ఈ కోతలన్నియు నిలిచినవి. 2025 మే 5వ తేదీన చెడిన విద్యాఋణముల వసూలు మరల మొదలయ్యెను. ఒక నెలకే, జూన్ మొదటివారమున, సోషల్ సెక్యూరిటీ భృతులను ముట్టుటను మాత్రము ఆపితిమని విద్యాశాఖ చెప్పెను. అది శాఖవారి నిర్ణయము. 1996 నాటి శాసనవాక్యమును గాని, 750 అను అంకెను గాని ఆ నిర్ణయము మార్చలేదు.

అచ్చటి బంధువులెవరికైనను ఇట్టి దుస్థితి వచ్చినచో, వారి భృతి మంజూరు ఉత్తరువులో తిరిగి విచారణ ఎన్ని యేండ్లకని వ్రాసియున్నదో మొదట చూచుకొనుమని జాబు వ్రాయుడు. అయిదునుండి ఏడేండ్లని యున్నచో ఆ కాగితమే మాఫీకి ఆధారము. మూడేండ్లని యున్నను నిరాశ చెందనక్కరలేదు. 2023 నిబంధనలు వారిలోను కొందరికి త్రోవ యిచ్చినవి, డాక్టరే గాక అనుమతి పొందిన నర్సును మానసికవైద్యనిపుణుడును ధ్రువపత్ర మీయవచ్చుననినవి. దరఖాస్తు విద్యాశాఖకు పోవలెను, భృతి కార్యాలయమునకు కాదు.